ఏడు కిలోల ఆఫీసు: ప్రయాణంలో పని కోసం సంచి సర్దిన డైరీ

1వ రోజు, శనివారం

పోయిన నెల పెళ్లికని విజయవాడ వెళ్లినప్పుడు రెండు రోజులు లాడ్జి గదిలోంచే పని చేశాను. ఆ గదిలో ప్లగ్ పాయింటు ఒక్కటే. అదీ తలుపు పక్కన స్విచ్‌బోర్డులో, నా భుజం ఎత్తున. ఛార్జర్ వైరు మంచం దాకా రాలేదు. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి కాల్ మాట్లాడాను. మిగతాసేపు మంచం మీద వంగి కూర్చున్నాను. కాకినాడ తిరిగొచ్చాక నాలుగు రోజులు మెడ తిరగలేదు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు. ఉదయం 11 గంటల కాల్‌లో ఉండాలి, ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే వీపీఎన్ తెగకూడదు, అంతే. ఇంత వెసులుబాటు ఉండి కూడా నాలుగు ఊళ్లు చూడలేకపోతున్నానని నాకు చాలాకాలంగా బాధ. అందుకే ఈ నెల రోజులకి ఒక పని పెట్టుకున్నాను: బట్టలతో సహా అంతా ఒకే సంచిలో, 7 కిలోల లోపు. మన దేశంలో విమానం ఎకానమీ టికెట్‌కి చేతి సంచి సాధారణంగా అంతవరకే. పైగా కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో ఒంటి చేత్తో పైకి లాక్కోగలిగే బరువు కూడా నాకు ఇంచుమించు అదే.

ఇవాళ ఉన్నవన్నీ సర్ది, వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టాను.

"ఏంటమ్మా, ఊరెళ్తున్నావా?" అన్నారు కొట్టు బాబాయ్.

"లేదు బాబాయ్ గారూ, ముందు బరువు చూద్దామని."

11 కిలోల 310 గ్రాములు. ఇంటికొచ్చి వంటింటి చిన్న కాటా మీద విడివిడిగా తూచి రాసుకున్నాను. ల్యాప్‌టాప్ 1,420 గ్రాములు. దాని ఛార్జర్ ఇటుక వైరుతో కలిపి 410. విడి మానిటర్, దాని కవరు, వైర్లు కలిపి కిలో. పెద్ద కీబోర్డు 620. స్పైక్ గార్డు, అంటే వైరున్న నాలుగైదు సాకెట్ల బోర్డు, 640. ఖాళీ సంచే 1,350. బట్టలు 3 కిలోల 100. మిగిలినవి చిల్లర బరువులు.

స్పైక్ గార్డు ల్యాప్‌టాప్‌లో సగం బరువు ఉంటుందని చేత్తో పట్టుకుంటే ఎప్పుడూ అనిపించలేదు.

3వ రోజు

ఛార్జర్ మార్చాను. 65 వాట్ల గాన్ ఛార్జర్, 130 గ్రాములు. గాలియం నైట్రైడ్ వాడిన వాటిలో వేడి రూపంలో పోయే కరెంటు తక్కువ, అందుకే అంత చిన్న డబ్బాలో అంత పవర్ పడుతుంది. నా ల్యాప్‌టాప్ టైప్-సి ద్వారానే ఛార్జ్ అవుతుంది కాబట్టి కుదిరింది. సన్న పిన్ను ఛార్జర్ ఉన్నవాళ్లు ఇది కొనేముందు తమ ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టు పవర్ తీసుకుంటుందో లేదో చూసుకోవాలి. చాలా పాత వాటిలో ఆ పోర్టు డేటాకి మాత్రమే.

మూడు పోర్టులు ఉన్నాయి కదా అని సంబరపడ్డాను. ఫోన్ కూడా పెట్టగానే ల్యాప్‌టాప్‌కి వచ్చేది 45 వాట్లకి పడిపోయింది. డబ్బా మీద సన్న అక్షరాల్లో ఆ పంపకం రాసే ఉంటుంది. మన కళ్లకి మాత్రం పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తుంది. నా పనికి 45 చాలు.

కేబుల్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే, తను ఎంత కరెంటు మోయగలదో ఛార్జర్‌కి చెప్పే ఈ-మార్కర్ చిప్ లోపల ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. నేను వాట్లు చూపించే చిన్న డిస్‌ప్లే ఉన్న కేబుల్ కొన్నాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది అదే. పత్రాలు చదువుతుంటే ల్యాప్‌టాప్ 11 వాట్లు లాగుతోంది, వీడియో కాల్‌లో 22. ఆ రోజు నుంచి వీడియో ఆపి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. డేటా కూడా మిగులుతుంది. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద గంటల తరబడి వీడియో నడిపితే మధ్యాహ్నానికే అయిపోయి, స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది.

6వ రోజు

గాన్ ఛార్జర్‌తో ఒక చిక్కు. బరువంతా గోడ మీదే వేలాడుతుంది, పిన్నులు రెండే. మా ఇంట్లో పాత సాకెట్లు వదులైపోయి ఉన్నాయి. ఇవాళ రెండుసార్లు ఊడి కిందపడింది, ఒకసారి చిన్న మెరుపు కూడా వచ్చింది. లాడ్జిల్లో సాకెట్లు ఇంతకంటే బాగుంటాయని ఎలా అనుకోను?

మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి చెప్పి చేయించుకున్నాను. మూడు తీగల ఫ్లెక్సిబుల్ వైరు 2 మీటర్లు, ఒక కొసన 6 ఆంపియర్ల త్రీపిన్ టాపు, రెండో కొసన రెండు సాకెట్ల చిన్న డబ్బా. 300 గ్రాములు. ఇప్పుడు గోడలోకి వెళ్లేది తేలికైన టాపు మాత్రమే, ఛార్జర్ నేల మీద నిలకడగా ఉంటుంది. భుజం ఎత్తు స్విచ్‌బోర్డు నుంచి మంచం దాకా వైరు వస్తుంది. షాపతను ఎర్త్ తీగ బిగిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. "అంత అనుమానం దేనికండీ, ఇరవై ఏళ్లుగా ఇదే పని" అన్నాడు. అనుమానం కాదు, ఇది నేను నిద్రపోయే గదిలో ఉండబోయే వైరు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఇది ఛార్జర్లకి మాత్రమే. వాటర్ హీటర్ కడ్డీలాంటివి దీనికి తగిలించకూడదు.

ఎర్త్ గురించి ఇంకో మాట. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌కి రెండు పిన్నుల ఛార్జర్ పెట్టి పని చేస్తుంటే ముంజేయి కింద జిల్లుమంటుంది. ఛార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా కారే కొద్దిపాటి కరెంటు అది. చాలామంది ల్యాప్‌టాప్ పాడైందని కంగారు పడతారు. కాళ్లకి చెప్పులు వేసుకుంటే తగ్గుతుంది.

8వ రోజు, శనివారం

హెడ్‌సెట్ పరీక్ష. ఇవాళ ఇల్లంతా దీనికే కేటాయించాను, అమ్మతో సహా.

హైదరాబాద్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసి, మూడు రకాల హెడ్‌సెట్లతో ఒకే పేరా చదివాను. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుండగా, ఫ్యాన్ 5లో పెట్టి, కిటికీ తీసి. అక్క రికార్డు చేసి పంపింది.

మొదటిది నా పెద్ద నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్, డబ్బాతో 480 గ్రాములు. నాకు విజిల్ ఎక్కడో పక్క వీధిలో వేసినట్టు వినిపించింది. అక్క రికార్డింగులో మాత్రం నా మాట కంటే విజిలే పెద్దది. ఆ నాయిస్ క్యాన్సిలింగ్ నా చెవి కోసం, అవతలివాళ్ల కోసం కాదు. వాళ్లకి మన మాట తేటగా వెళ్లాలంటే మైకు నోటి దగ్గరుండాలి. పైగా బ్లూటూత్‌లో మైకు ఆన్ అవ్వగానే హెడ్‌ఫోన్ వేరే పద్ధతికి మారి, మనకి వినిపించే నాణ్యత కూడా పడిపోతుంది.

రెండోది చిన్న ఇయర్‌బడ్స్. ఫ్యాన్ కింద మాటల చివర్లు తెగిపోయాయి.

మూడోది ఆఫీసు వాళ్లు ఎప్పుడో ఇచ్చిన వైరు హెడ్‌సెట్. యూఎస్‌బీ పిన్ను, నోటి ముందుకి వంచుకునే మైకు కడ్డీ, 140 గ్రాములు. కాల్ సెంటర్ వాళ్లు పెట్టుకునేలాంటిది, అందానికి ఏమీ బాగోదు. అక్క "ఇప్పుడు నువ్వు కనిపిస్తున్నావే" అంది. వినిపించడానికి ఆ మాట వాడింది, నాకు చాలా నచ్చింది. విజిల్ ఉంది, కానీ నా వెనక ఎక్కడో ఉంది.

ఇది ఛార్జింగ్ అడగదు, జత కుదరలేదని మొరాయించదు. ఖాయం చేశాను. అమ్మ ఆ మూడు విజిళ్లలో ఉడికిన కందిపప్పుతో మామిడికాయ పప్పు చేసింది.

9వ రోజు

విడి మానిటర్ తీసేశాను. నాకు రెండు తెరలు కావాలి: ఒకదానిలో టెస్ట్ కేసులు, ఇంకోదానిలో అప్లికేషన్. కిలో బరువుకి తోడు అది 9 వాట్లు తాగుతోంది, అంటే రెండూ కలిపితే ల్యాప్‌టాప్ ఒక్కటే తినే కరెంటుకి ఇంచుమించు రెట్టింపు. ఇంట్లో మూలపడి ఉన్న పాత ట్యాబ్‌లో స్పేస్‌డెస్క్ అనే యాప్ వేసి చూశాను. కేబుల్‌తో కలిపితే అది రెండో తెరగా పనికొస్తోంది. 480 గ్రాములు, దాని బ్యాటరీ దానికే ఉంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయి, టెస్ట్ కేసులు చదువుకోవడానికి సరిపోతాయి.

స్టాండు మాత్రం వదలను. మడతపెట్టే అల్యూమినియం స్టాండు 250 గ్రాములు. తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలి, అప్పుడే మెడ నిటారుగా ఉంటుంది. స్టాండు మీద ఎత్తిపెట్టిన ల్యాప్‌టాప్ కీబోర్డు మీద టైప్ చేయలేం కాబట్టి విడి కీబోర్డు, మౌస్ తప్పవు. చిన్న కీబోర్డు 260, మౌస్ 80. బరువు తగ్గించాలని ఈ మూడింటినీ ఇంట్లో వదిలేవాళ్లని చూశాను. నేను నాలుగు రోజులు మెడ పట్టేసి పడుకున్నదాన్ని, వదలను.

15వ రోజు, శనివారం

వారమంతా ఒక్క విషయం మీదే పోయింది: కరెంటు పోతే రూటర్ సంగతేంటి?

ఊళ్లలో హోమ్‌స్టేలకి ఇప్పుడు ఫైబర్ నెట్ వచ్చింది. ఇన్వర్టర్ అన్నిచోట్లా లేదు, ఉన్నా ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు. కరెంటు పోగానే రూటర్ ఆగిపోతుంది. ఫైబర్ తీగలో వెలుగు వస్తూనే ఉంటుంది, మన వైపు పెట్టె ఆరిపోతుంది, అంతే. ఆ పెట్టెకి కావలసింది 12 వోల్టులు, 1 ఆంపియర్. నా దగ్గర పవర్ బ్యాంకు ఉంది. మరి ఎందుకు కలపకూడదు?

ముందు పవర్ బ్యాంకు లెక్క. మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్దగా ఉంటుంది. అది లోపలి సెల్స్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర, అంటే 74 వాట్ అవర్లు (74 వాట్లు గంటసేపు ఇచ్చేంత). వెనక సన్నగా రేటెడ్ కెపాసిటీ 12,000 ఎంఏహెచ్ అని ఇంకోటి ఉంది. అది 5 వోల్టుల దగ్గర బయటికి వచ్చేది, 60 వాట్ అవర్లు. ల్యాప్‌టాప్‌కి పెట్టి పూర్తిగా దింపితే నా కేబుల్ డిస్‌ప్లేలో 52 వచ్చింది. ఆ 52నే నమ్ముతాను. ఇంకా పెద్దది కొనొచ్చు కానీ విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్ల వరకే. అదీ చేతి సంచిలోనే, లగేజీలో వేయకూడదు. నాకు 74 చాలు, 450 గ్రాములు.

మంగళవారం టైప్-సి నుంచి 12 వోల్టులు అడిగి తీసుకునే ట్రిగర్ కేబుల్ వచ్చింది. మా ఇంటి రూటర్‌కి పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. పది నిమిషాలు అలాగే. మధ్యలో డిస్‌ప్లే పెట్టి చూస్తే వస్తున్నది 9 వోల్టులు. టైప్-సిలో వోల్టులు అడిగి తీసుకునే పద్ధతిని యూఎస్‌బీ పవర్ డెలివరీ అంటారు, అందులో ఖాయంగా ఉండే మెట్లు 5, 9, 15, 20. 12 అనేది కొన్ని ఛార్జర్లే ఇస్తాయి, నా పవర్ బ్యాంకు ఇవ్వదు. కేబుల్ 12 అడిగింది, అవతల లేదు, 9తో సరిపెట్టింది.

గురువారం వేరే రకం తెప్పించాను. పవర్ బ్యాంకు మామూలు యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకుని, వైరు మధ్యలో ఉన్న చిన్న డబ్బాలో 12కి పెంచే బూస్ట్ కేబుల్. 30 గ్రాములు. రూటర్ ఒక్క నిమిషంలో లేచింది. ఈ కేబుల్‌తో పాటు రెండు సైజుల పిన్నులు వచ్చాయి, 5.5 × 2.1, 5.5 × 2.5 మిల్లీమీటర్లు. మా రూటర్‌లో రెండూ దూరతాయి. తప్పుది పెడితే వదులుగా ఉండి, కదిలినప్పుడల్లా ఆగుతుంది. పెట్టేముందు రూటర్ అడాప్టర్ మీద ముద్రించిన బొమ్మలో మధ్య పిన్ను ప్లస్సో కాదో తప్పకుండా చూడాలి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువ ఇవ్వగలిగినా ఫరవాలేదు, తక్కువైతే పనికిరాదు.

ఇంకో గుట్టు శుక్రవారం సాయంత్రం బయటపడింది. రూటర్ బాగా నడుస్తుండగా ల్యాప్‌టాప్‌ని అదే పవర్ బ్యాంకుకి పెట్టగానే రూటర్ ఆరిపోయింది. కొత్తది తగిలినప్పుడు పవర్ బ్యాంకు అందరికీ ఇచ్చేది ఒక్క క్షణం ఆపి, మళ్లీ పంచుతుంది. మనిషికి తెలియని ఆ క్షణం రూటర్‌కి చాలు, మళ్లీ మొదటినుంచి లేచే సరికి రెండు నిమిషాలు. కాబట్టి వరస: ముందు ల్యాప్‌టాప్, తర్వాత రూటర్. మధ్యలో ఏదీ ముట్టుకోకూడదు. పవర్ బ్యాంకు మీద స్టిక్కరు అంటించి రాసిపెట్టుకున్నాను.

17వ రోజు, సోమవారం

ఉదయం 10కి ఇంటి మెయిన్ ఆపమని నాన్నని అడిగాను. ఫ్రిజ్ ఉందని అమ్మ ఒప్పుకోలేదు. నా గది ఫ్యూజు మాత్రం తీయించాను. సాయంత్రం 7 వరకు పవర్ బ్యాంకు, ల్యాప్‌టాప్ బ్యాటరీ, ఫోన్ నెట్ మీదే పని. 5:40కి అంతా అయిపోయింది. తొమ్మిది గంటల షిఫ్టులో ఏడు గంటల నలభై నిమిషాలు. అంతసేపు కరెంటు ఒకే విడతగా పోయే చోట్లు తక్కువ. చాలు.

20వ రోజు

సంచి. పాతది ఖాళీగానే 1,350 కాబట్టి తమ్ముడి కాలేజీ సంచి తీసుకున్నాను, 900. భుజం పట్టీ కుట్లు వదులయ్యాయి. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాతగారికి ఇచ్చాను. ఆయన పట్టీని వేలితో లాగి చూసి, "ఏం మోస్తావమ్మా ఇందులో?" అన్నారు. కంప్యూటర్ అన్నాను. మైనం రాసిన నైలాను దారంతో, పట్టీ మొదట్లో చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేశారు. "ఇక్కడ తెగదు. తెగితే బట్టే చిరగాలి" అన్నారు. 80 రూపాయలు తీసుకున్నారు. షాపులో 4,000 పెట్టి కొనే సంచుల్లో కూడా అదే కుట్టు ఉంటుంది, వెళ్లి చూశాను.

బట్టలు 2 కిలోలకి దించాను. సబ్బు, మందులు, మిగతావి 600. వైర్లు 190. మళ్లీ కిరాణా కొట్టు. 7 కిలోల 230 గ్రాములు.

బాబాయ్ కాటా వంక చూసి, "ఆ టర్కీ తువ్వాలు తియ్యమ్మా, తుండు పట్టుకెళ్లు" అన్నారు. తువ్వాలు 420, ఇంట్లో నాన్న నూలు తుండు 160. తుండు త్వరగా ఆరుతుంది కూడా.

6 కిలోల 970.

23వ రోజు, ఆదివారం, అరకు

నిన్న సామర్లకోట నుంచి విశాఖ, ఇవాళ ఉదయం కిరండూల్ రైలు. కేకే లైన్ అంటారు, కొత్తవలస నుంచి కిరండూల్ వరకు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన దారి. మొత్తం 58 సొరంగాలు. దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ప్రతి సొరంగంలోనూ నెట్ పోయింది. ఇవాళ సెలవు కాబట్టి పరీక్షకే చూశాను: ఈ రైల్లో వీపీఎన్ పని ఆశ పెట్టుకోకూడదు. ముందే దించుకున్న పత్రాలు చదువుకోవచ్చు, లేదా కిటికీలోంచి లోయ చూడొచ్చు. నేను లోయ చూశాను. రైల్లో ఛార్జింగ్ గురించి రెండు మాటలు: 110 వోల్టులే ఉండే పెట్టెలున్నాయి, మన ఛార్జర్ మీద 100–240 అని ఉంటే భయం లేదు. రాత్రి ప్రయాణాల్లో 11 నుంచి ఉదయం 5 వరకు ఆ పాయింట్లు ఆపేస్తారు, అందుకని ముందే నింపుకోవాలి.

గదిలో ఫోన్ సిగ్నల్ నాలుగు గీతలు, పేజీ మాత్రం తెరుచుకోలేదు. ఆదివారం, ఊరంతా పర్యాటకులే. గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి, ఆ టవర్ ఎంతమందికి పంచుతోందో చెప్పవు. రెండో సిమ్ పాత ఫోన్‌లో వేసి తెచ్చాను (ఫోన్లు రెండూ జేబుల్లోనే, కాటా లెక్కలో లేవు). సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే మంచం దగ్గర సిగ్నల్ బలం మైనస్ 113 డీబీఎం (సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ). కిటికీ దగ్గరికి తీసుకెళ్తే మైనస్ 98. ఆ తేడాకి కాల్ నిలబడుతుంది. బట్టల క్లిప్పుతో ఫోన్‌ని కిటికీ ఊచకి బిగించి, హాట్‌స్పాట్ పెట్టి, నేను గది మధ్యలో కూర్చున్నాను. ఎండ తగలకుండా తుండు అడ్డం వేశాను. ఛార్జ్ అవుతూ హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ ఎండలో ఉంటే వేడెక్కి స్పీడు తగ్గించేస్తుంది.

25వ రోజు, మంగళవారం, అరకు

మధ్యాహ్నం 2:40కి వానతో పాటు కరెంటు పోయింది. 3 గంటలకి క్లయింటుతో డెమో.

వరండాలో ఉన్న ఇంటాయన దగ్గరికి పరుగెత్తాను. "అన్నయ్య గారూ, మీ రూటర్ పిన్ను కాసేపు మార్చుకోవచ్చా అండీ? నా బ్యాటరీ నుంచి ఇస్తాను, పెట్టెకి ఏమీ కాదు" అన్నాను. ఆయన సందేహంగా చూశారు. అడాప్టర్ మీద బొమ్మ చూపించాను, మధ్యలో ప్లస్, 12 వోల్టులు. "సరే చూడమ్మా, చెడిపోతే మళ్లీ నెట్ వాళ్లు రావడానికి వారం పడుతుంది" అన్నారు.

స్టిక్కరు మీద రాసుకున్నట్టే ముందు ల్యాప్‌టాప్. తర్వాత బూస్ట్ కేబుల్. 2.1 పిన్ను సరిగ్గా బిగుసుకుంది. పచ్చ లైటు ఒకటి, రెండు, కాసేపు ఏమీ లేదు, తర్వాత ఫైబర్ లైటు నిలకడగా. 2:51. వీపీఎన్ కలిసింది.

డెమో 40 నిమిషాలు. రేకుల మీద వాన హోరు. కాల్ అయ్యాక మా లీడ్‌ని అడిగాను, వాన వినిపించిందా అని. "వానేంటి?" అన్నారు.

బయటికొస్తే ఆయన పిల్లలిద్దరూ వరండాలో రూటర్ పక్కన కూర్చుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారు. కరెంటు 5:15కి వచ్చింది. పవర్ బ్యాంకులో ఇంకా రెండు చుక్కలు ఉన్నాయి. ఆయన కేబుల్‌ని చేతిలో తిప్పి చూసి ఎంతవుతుందని అడిగారు. 250 అన్నాను. తనకీ ఒకటి తెప్పించమన్నారు, పవర్ బ్యాంకు వాళ్ల అబ్బాయి దగ్గర ఉందట.

30వ రోజు, ఆదివారం, కాకినాడ

సంచి విప్పి, వాడనివి పక్కన పెట్టాను. రెండో యూఎస్‌బీ కేబుల్ బయటికే తీయలేదు. ఒక జత బట్టలు కూడా. స్టేషన్‌లో రైల్‌వైర్ వై-ఫై రోజుకి మొదటి అరగంట ఉచితం, టికెట్ చూసుకోవడానికి వాడాను. ఆఫీసు పని దానిమీద చేయలేదు, చేయను.

లోపం ఒకటి మిగిలింది. స్టాండు రబ్బరు కాళ్లు గాజు బల్ల మీద జారుతున్నాయి. రేపు సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి అతికిస్తాను.

మెడ బాగుంది. కాటా మీద 6 కిలోల 640. ఇంకో 360 గ్రాములు ఖాళీ ఉంది కాబట్టి వచ్చే నెల హంపీకి వెళ్లేటప్పుడు అమ్మ ఇచ్చే కందిపొడి డబ్బా పెట్టుకోవచ్చు. అమ్మ కూడా వస్తానంటోంది, హంపీకి దగ్గరి స్టేషన్ హోస్పేటకి రెండు టికెట్లు చూస్తున్నాను.